మీకు తెలుసా? తార్నాక దారిలో మంచుకొండల సంగతులు

తెలుగులో మంచు అన్న ఒక్క మాటతో ఎన్ని పనులు చేయించుకుంటామో ఎప్పుడైనా గమనించారా? తెల్లారి గడ్డి మీద మెరిసేది మంచే. డిసెంబరులో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీని పొద్దు పొడిచేదాకా దాచిపెట్టేదీ మంచే. ఫ్రిజ్‌లో పేరుకుపోయేది, కశ్మీర్‌లో కురిసేది, సియాచిన్‌లో నదిలా గడ్డకట్టి పడుకున్నది, అన్నీ మంచే. కొండ మీంచి ఒక్కసారిగా విరుచుకుపడేదానికి మాత్రం మనకు స్థిరమైన మాట లేదు. పత్రికలు హిమపాతం అని రాస్తాయి. మామూలుగా మంచు కురిసినా అదే మాట వాడతాయి. ఊరు అందంగా తెల్లబడిందో, ఊరికి ఊరే కప్పబడిపోయిందో తెలియాలంటే రెండో వాక్యం దాకా ఆగాలి. కొండచరియ మనకు తెలిసిన మాటే కాబట్టి నేను మంచుచరియ అంటాను. నచ్చకపోతే అవలాంచ్ అనుకోండి, తప్పేం లేదు.

ఈ గొడవ ఇప్పుడెందుకంటే, మా గల్లీలో అద్దెకుండే పీజీ కుర్రాడొకడు మొన్న క్యాంపస్ నడకలో నన్ను ఆపాడు. "అన్నా, క్రిస్మస్ సెలవులల్ల కేదార్‌కంఠ పోతున్నం. మస్తు మంచు ఉంటదంట." కేదార్‌కంఠ ఉత్తరాఖండ్‌లో ఒక మంచుకొండ. నలుగురు స్నేహితులు, అద్దె బూట్లు, ఫోన్ నిండా వీడియోలు. ఉత్సాహం తప్ప వేరే సరంజామా కనిపించలేదు. చాయ్ తాగుతూ వాడికి చెప్పినవీ, ఆ పూటకు గుర్తురాక మిగిలిపోయినవీ ఇవి.

*

మీకు తెలుసా? హిమాలయాల్లో చలికీ గాలికీ రాళ్లవానకూ ప్రాణాలు విడిచినవాళ్ల ఎముకల గుట్టు విప్పిన చోటు మన హబ్సిగూడలోనే ఉంది.

ఉత్తరాఖండ్‌లో త్రిశూల్ పర్వతం పక్కన 5,029 మీటర్ల ఎత్తులో రూప్‌కుండ్ అని ఒక మడుగుంది. ఈ చివర నుంచి ఆ చివరకు 40 మీటర్లు ఉంటుందేమో. ఏడాదిలో ఎక్కువ కాలం గడ్డకట్టే ఉంటుంది. కరిగిన నెలల్లో ఒడ్డునా నీళ్లలోనూ మనుషుల పుర్రెలు, తొడ ఎముకలు బయటపడతాయి. 1942లో ఒక అటవీ అధికారి చూసి చెప్పాక ఇవి లోకానికి తెలిశాయి. జపాన్ సైనికులన్నారు, టిబెట్ వ్యాపారులన్నారు, మహమ్మారి అన్నారు. స్థానికుల కథ వేరు. కన్నౌజ్ రాజొకడు భార్యతో, ఆటకత్తెలతో నందాదేవి యాత్రకు బయల్దేరాడట. కొండ మీద కూడని ఆర్భాటం చేస్తే అమ్మవారికి కోపమొచ్చి ఆకాశం నుంచి ఇనుప గుండ్లు కురిపించిందట.

నమ్మశక్యంగా లేదు కదూ. కొన్ని పుర్రెలను పరీక్షిస్తే మాత్రం నడినెత్తి మీద గుండ్రటి దెబ్బలు కనిపించాయి. కత్తిగాట్లు కావు, బాణం గుర్తులు కావు. పక్కల నుంచి తగిలినవీ కావు, పైనుంచి పడ్డవి. క్రికెట్ బంతి అంత వడగళ్లు పడి ఉండాలని 2004 ప్రాంతంలో పరిశోధకులు అన్నారు. తెలంగాణలో రాళ్లవాన అంటాం చూడండి, ఆ మాట అక్కడ అక్షరాలా సరిపోతుంది. మన దగ్గర నేలకూ, గడ్డకట్టే చలి ఉండే మేఘపు పొరకూ మధ్య నాలుగైదు కిలోమీటర్ల వెచ్చటి గాలి ఉంటుంది. వడగండు అందులోంచి పడుతూ పడుతూ సగం కరిగిపోతుంది. అయిదు వేల మీటర్ల కొండ మీద ఆ చలి పొరలోనే మనిషి నిలబడి ఉంటాడు. కరిగే వ్యవధి లేదు, దాక్కోవడానికి చెట్టు లేదు. క్రికెట్ బంతంత వడగండు నేలను తాకే వేగం గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది.

కొండ సంగతి అలా ఉంచితే, మైదానంలోనూ ఇది జరిగింది. 1888 ఏప్రిల్ 30న ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ ప్రాంతంలో పడ్డ వడగళ్లకు 246 మంది చనిపోయారు. ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డుల్లో వడగళ్ల వాన ఎక్కువమందిని బలిగొన్న ఘటన ఇప్పటికీ అదే.

ఇక ఎముకలు. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్ మొదలుపెట్టిన డీఎన్ఏ పని ఏళ్ల తరబడి సాగి, అమెరికా, యూరప్ ప్రయోగశాలలు కూడా చేరి, 2019 ఆగస్టులో 'నేచర్ కమ్యూనికేషన్స్'లో అచ్చయింది. 38 మంది జన్యువులు చదివారు. 23 మంది మన దేశపు రకరకాల జనాలకు దగ్గరవాళ్లు. వాళ్లు ఒకే రోజు పోలేదు. ఏడో శతాబ్దం నుంచి పదో శతాబ్దం దాకా వేర్వేరు సందర్భాల్లో పోయారు. అంటే రాజుగారి కథ నిజమే అనుకున్నా అది కొందరికే వర్తిస్తుంది. మరో 14 మంది గ్రీస్, క్రీట్ ద్వీపం వైపు మనుషులకు దగ్గరవాళ్లు! వాళ్లు పోయింది 1800 ప్రాంతంలో. ఒకరు ఆగ్నేయాసియా మనిషి. మధ్యధరా తీరం వాళ్లకు ఈ గుంట దగ్గర ఏం పని? ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. జబ్బు తెచ్చే సూక్ష్మజీవుల జాడ మాత్రం ఆ ఎముకల్లో దొరకలేదు.

మెట్రోలో తార్నాక దాటగానే హబ్సిగూడ, ఆ తర్వాత ఎన్జీఆర్ఐ. ఈసారి అటు వెళ్లినప్పుడు కిటికీలోంచి చూడండి. సీసీఎంబీ గేటు ముందు బండి మీద జామకాయలు కోసి ఉప్పూకారం చల్లి ఇస్తుంటారు. లోపల పన్నెండు వందల ఏళ్ల కిందటి యాత్రికుల వంశవృక్షం.

*

మధ్యధరా అనుకున్నాం కాబట్టి ఇంకో ముక్క. హిమాలయాల మీద చలికాలంలో కురిసే మంచులో చాలా భాగానికి కారణం అటువైపు నుంచి వచ్చే గాలి సుడులే. వాతావరణ శాఖ వాటిని పశ్చిమ అవాంతరాలు అంటుంది. ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదుగా తూర్పుకు కదిలి, దారిలో తేమ పోగేసుకుని, మన కొండలకు కొట్టుకుని దింపేస్తాయి. చలికాలంలో నెలకు నాలుగైదు వస్తుంటాయి. బులెటిన్‌లో ఆ మాట వినపడితే ఢిల్లీవాడు స్వెటర్ తీస్తాడు. కొండ ఎక్కేవాడు బస్ టికెట్ తేదీ మార్చుకోవాలి. మంచు కురుస్తున్నప్పుడే కాదు, ఆగాక మొదటి రోజు కూడా చెడ్డదే. ఆకాశం నీలంగా మెరుస్తుంది, ఫొటోలు అద్భుతంగా వస్తాయి. కొండ మీద పడ్డ బరువు మాత్రం ఇంకా సర్దుకుని ఉండదు.

*

మంచుచరియ ఎలా విరుగుతుందో మావాడికి అర్థమయ్యేలా చెప్పడానికి రవ్వలడ్డూ అక్కరకొచ్చింది.

నెయ్యి తగిలిన రవ్వ పిడికిట్లో నొక్కితే ఉండ కడుతుంది. పొడి రవ్వ ఎంత నొక్కినా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. మంచూ అంతే. కొత్తగా పడ్డ మంచు రేకులు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడతాయి. కానీ సీజన్ మొదట్లో పలచగా పడ్డ మంచు మీద రోజుల తరబడి ఆకాశం నిర్మలంగా ఉండి, రాత్రిళ్లు ఎముకలు కొరికే చలి వేసిందనుకోండి. నేల దగ్గర వెచ్చదనం, పైన చలి. ఆ తేడాకు కింది పొరలో ఆవిరి పైకి కదులుతూ రేకుల్ని పలుకులు పలుకులుగా మార్చేస్తుంది. ముతక చక్కెరలా, బొంబాయి రవ్వలా. ఒకదానికొకటి అంటవు. ఆ పలుకుల మీద జనవరిలో మీటరు మందాన కొత్త మంచు పడి, గాలికి గట్టిపడి, పలకలా తయారవుతుంది. పైన సిమెంటు పలక, కింద రవ్వ, ఆ రెండూ ఏటవాలు మీద. ఇక కావలసింది ఒక్క మనిషి బరువు.

అందుకే మంచుచరియల్లో చిక్కుకునే సరదా యాత్రికుల్లో నూటికి తొంభై మంది విషయంలో ఆ చరియను కదిలించింది వాళ్లో, వాళ్ల జట్టులోవాళ్లో. కేక వేస్తే కూలిపోతుందన్నది సినిమా మాట. కేకకు కూలదు, కాలికి కూలుతుంది. కూలేముందు కొన్నిసార్లు కాళ్ల కింద 'వుమ్ఫ్' మని మూగగా ఒక చప్పుడు వస్తుంది. కింది పొర నలిగి పైపలక కుంగిన చప్పుడది. అడుగు నుంచి గాజు పగిలినట్టు బీటలు పరుగెడతాయి. ఆ రెండింట్లో ఏది ఎదురైనా వచ్చిన దారినే వెనక్కి తిరగడం. చర్చలు చాయ్ దగ్గర పెట్టుకోవచ్చు.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొండకు ఒక వైపున్న మంచును ఊడ్చి రెండో వైపు పోస్తుంది, అదీ ఆకాశం నుంచి పడే వేగాన్ని మించి. రాత్రంతా చుక్క మంచు కురవకపోయినా తెల్లారేసరికి గాలిచాటు వాలు మీద అడుగుల మందాన కొత్త బరువు చేరి ఉండొచ్చు. శిఖరం అంచు నుంచి తెల్లటి తోకలాంటిది ఎగురుతుంటే అది అందం కోసం కాదు, అక్కడ ఊడ్పు జరుగుతోందన్నమాట.

*

ఎంత వాలు ప్రమాదం? నిట్టనిలువు కొండే భయంకరం అనుకుంటాం. అరవై డిగ్రీలు దాటిన వాలు మీద మంచు పేరుకోదు, పడ్డది పడ్డట్టు రాలిపోతుంటుంది. పెద్ద చరియలు విరిగేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య. ఎంతంటే, మన ఇళ్లలో డాబా మీదకు పోయే మెట్ల వాలంత. చూడ్డానికి అమాయకంగా, జారుడుబండలా, ఎక్కుదామా అనిపించేలా ఉంటుంది. పైగా నువ్వు నిలబడ్డ చోటు చదునుగా ఉన్నంత మాత్రాన సరిపోదు, నెత్తి మీద ఏ వాలు ఉందో చూసుకోవాలి. ఫోన్లో వాలు కొలిచే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. మావాడు అప్పటికప్పుడు దించుకున్నాడు.

*

మీకు తెలుసా? 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సోనమ్ పోస్టు మీద మంచుగోడ కూలి పదిమంది జవాన్లు కూరుకుపోయారు. అందులో మన కర్నూలు జిల్లా పల్లెటూరి నుంచి వెళ్లిన జవాను కూడా ఉన్నాడు. ఎత్తు 19,600 అడుగులు. రాత్రి చలి సున్నాకు 40 డిగ్రీలకు పైగా దిగువన. కర్నూలు ఎండల్లో పెరిగిన మనిషి అక్కడ కాపలా కాశాడన్నది తలచుకుంటే నాకు మాట ఆగిపోతుంది.

వెతికేవాళ్లు రాడార్లతో, కుక్కలతో, మంచు కోసే యంత్రాలతో ఆరో రోజుకు చేరుకున్నారు. దాదాపు 30 అడుగుల లోతులో ధార్వాడ జిల్లా లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణాలతో దొరికాడు. ఢిల్లీ సైనిక ఆసుపత్రిలో ఫిబ్రవరి 11న చనిపోయాడు. ఆరు రోజులు బతికి ఉండటం అరుదులో అరుదు. చుట్టూ కాస్త గాలి గది మిగిలితేనే అది సాధ్యం.

మామూలు లెక్క చాలా కర్కశంగా ఉంటుంది. పూర్తిగా పూడిపోయినవాళ్లను మొదటి పది నిమిషాల్లో బయటికి లాగితే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట గడిస్తే ముగ్గురు. కదిలేటప్పుడు నీళ్లలా పారిన మంచు ఆగీ ఆగగానే సిమెంటులా బిగుస్తుంది, వేలు కూడా కదలదు. ఏది పైనో ఏది కిందో తెలియదు. ఊపిరి ఆవిరి మూతి ముందే గడ్డకట్టి ముసుగైపోతుంది. హెలికాప్టర్ వచ్చేసరికి ఆ పది నిమిషాలు ఎప్పుడో అయిపోతాయి. కాబట్టి రక్షించేది పక్కనున్న స్నేహితుడే, వాడి దగ్గర మూడు వస్తువులు ఉంటేనే. ట్రాన్సీవర్ అనే చిన్న రేడియో పెట్టె, మడిచి పెట్టుకునే పొడవాటి గుచ్చుకర్ర, పార. ఆ రేడియో ప్రపంచమంతటా ఒకే పౌనఃపున్యం మీద పనిచేస్తుంది: 457 కిలోహెర్ట్జ్. హైదరాబాద్ ఆకాశవాణి 'ఎ' కేంద్రం 738 మీద వస్తుందని గుర్తున్న తరానికి చెబుతున్నా, పాత ట్రాన్సిస్టర్ ముల్లును బాగా ఎడమకు తిప్పి, పట్టీ అయిపోయాక ఇంకాస్త అటు. ఈ పెట్టె బ్యాగులో కాదు, ఒంటి మీద, కోటు లోపల కట్టుకోవాలి. చరియ ముందు బ్యాగునే ఊడదీసుకుపోతుంది.

*

2021 ఫిబ్రవరి 7, ఆదివారం. చమోలీ జిల్లాలో వాన లేదు, మంచు కురవడం లేదు, చక్కటి ఎండ. పొద్దున పదింబావు దాటాక రోంటీ శిఖరం ఉత్తరపు ముఖం నుంచి రాయీ మంచూ కలిసి దాదాపు 2 కోట్ల 70 లక్షల ఘనపు మీటర్లు ఊడిపోయింది. అందులో అయిదింట నాలుగొంతులు రాయి, ఒక వంతు మంచుగడ్డ. 1,800 మీటర్ల కిందికి పడేసరికి ఆ రాపిడి వేడికి మంచు కరిగి నీరైంది. రాయి పొడై బురదైంది. రిషిగంగ లోయలో అది గోడలా వచ్చి చిన్న జలవిద్యుత్ కేంద్రాన్ని తుడిచేసి, తపోవన్ దగ్గర కడుతున్న 520 మెగావాట్ల ప్రాజెక్టు సొరంగాల్లోకి దూరింది. 200 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. దారిలో ఉన్న రైణీ గ్రామం పేరు మీరు వినే ఉంటారు. 1974లో గౌరాదేవి, ఊరి ఆడవాళ్లు చెట్లను కౌగిలించుకుని చిప్కో ఉద్యమానికి ఊపిరిచ్చిన ఊరు.

మొదట్లో టీవీలన్నీ హిమనదం పగిలిందన్నాయి. ఉపగ్రహ చిత్రాలు చూశాకే కొండ ముఖమే ఊడిందని తేలింది. ఇక్కడ తార్నాక దారి మళ్లీ వస్తుంది.

ఎన్జీఆర్ఐ, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఉత్తరాఖండ్‌లో భూకంపాలు పట్టడానికి భూకంపమాపకాలు పెట్టి ఉంచింది. అవి పెట్టింది భూమి లోపల కదలికల కోసం. ఆ ఆదివారం అవి కొండ పడిన దెబ్బను, తర్వాత లోయలో దొర్లుకుంటూ పోయిన బురద గర్జనను కూడా రాసుకున్నాయి. జర్మనీలోని పోట్స్‌డామ్ భూవిజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలతో కలిసి ఎన్జీఆర్ఐవాళ్లు ఆ గీతలు చదివారు. రాజేశ్ రేకపల్లి, ఎన్. పూర్ణచంద్రరావు, దావులూరి శ్రీనగేశ్ వంటి మన పేర్లు కూడా ఉన్న ఆ వ్యాసం 2021 అక్టోబరులో 'సైన్స్' పత్రికలో వచ్చింది. కొండ ఊడటం, కింద తగలడం, ప్రవాహం కదలడం అన్నవి ఆ గీతల్లో విడివిడిగా కనపడుతున్నాయని చూపించారు. పరికరాలు లోయలకు దగ్గరగా, చిక్కగా ఉంటే దిగువ ఊళ్లకు కొన్ని నిమిషాల ముందు హెచ్చరిక అందించడం సాధ్యమేనని వాదించారు.

కొన్ని నిమిషాలేనా అనిపిస్తుంది. సొరంగం నోట్లోంచి పరుగెత్తి పక్క గుట్ట ఎక్కడానికి కొన్ని నిమిషాలు చాలు.

*

ఇదే ఉప్పల్ రోడ్డు పట్టుకుని ఆగకుండా పోతే భువనగిరి వస్తుంది. ఆ ఏకశిల మీద బండలెక్కడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. వయసు 13 ఏళ్ల 11 నెలలు. పక్కనే సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది: అంతకు అయిదు వారాల ముందు, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబు మంచుజలపాతం మీద భారీ మంచుగడ్డ విరిగిపడి 16 మంది నేపాలీ పర్వత కార్మికులు చనిపోయారు. ఆ వైపు సీజన్ దాదాపుగా ఆగిపోయింది. మన పిల్లలు వెళ్లింది టిబెట్ వైపు నుంచి. గాలి ఎక్కువ, చలి ఎక్కువ, కానీ ఆ మంచుజలపాతం దారిలో లేదు.

*

మల్లి మస్తాన్ బాబును మరిచిపోకూడదు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంగం ఊరివాడు, కోరుకొండ సైనిక్ స్కూలు, ఐఐటీ, ఐఐఎం. 2006లో జనవరి 19 నుంచి జూలై 10 లోపు ఏడు ఖండాల ఏడు శిఖరాలు ఎక్కేశాడు, 172 రోజుల్లో. అప్పటికి అంత వేగంగా ఎవరూ ఎక్కలేదు. 2015 మార్చి 24న అర్జెంటీనా, చిలీ సరిహద్దులో ట్రెస్ క్రూసెస్ అనే ఆండీస్ శిఖరం మీదికి ఒంటరిగా వెళ్లాడు. వాతావరణం తిరగబడింది. ఏప్రిల్ మొదటివారంలో ఆయన మృతదేహం దొరికింది. మనకు వేసవి మొదలయ్యే మార్చిలో అక్కడ చలికాలం తలుపు తడుతుంది. అంత అనుభవం ఉన్న మనిషికే కొండ రెండో అవకాశం ఇవ్వలేదు.

*

కొండల్లో వాన లేకుండానే నది పెరుగుతుంది. పైన ఎండకు మంచు కరిగినా పెరుగుతుంది, ఎగువన ఆనకట్ట తలుపులెత్తినా పెరుగుతుంది. 2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్‌లోని థలౌట్ దగ్గర బియాస్ నదిలో బండల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి నీళ్లు వదిలారు. ఆ వారం ఈ ఊళ్లో ఏ చాయ్ దుకాణం ముందు నిలబడ్డా అదే మాట.

*

కొన్ని చిల్లర లెక్కలు. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్లు, కేదార్‌కంఠ 3,800. ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది. అంటే ఎత్తు ఒక్కదాని వల్లే 21 డిగ్రీల తేడా. మనకు వాతావరణ శాఖ లెక్కలో నమోదైన కనిష్ఠం 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. అక్కడ డిసెంబరు రాత్రికి అది ఎండాకాలంతో సమానం. గాలి కలిస్తే ఇంకో లెక్క. సున్నాకు పది డిగ్రీల కిందున్న చలి, గంటకు 40 కిలోమీటర్ల గాలిలో మొహానికి 21 డిగ్రీల కిందున్నట్టు తగులుతుంది.

అక్కడ ఊపిరికి దొరికే ప్రాణవాయువు మనం ఇక్కడ పీల్చేదాంట్లో మూడింట రెండొంతులు. నీళ్లు 87, 88 డిగ్రీలకే మరిగిపోతాయి కాబట్టి అన్నం కుక్కర్ లేకుండా పలుకు పలుకుగానే ఉంటుంది. వంటవాణ్ని తిట్టకండి.

కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో నూటికి ఎనభైకి పైగా వెనక్కి కొడుతుంది. కిందినుంచి కూడా ఎండ కాస్తున్నట్టే. ఒక్క పగలు నల్లకళ్లద్దాలు లేకుండా నడిస్తే రాత్రికి కళ్లల్లో ఇసుక పోసినట్టు మంట. గడ్డం కింద, ముక్కు రంధ్రాల దగ్గర కూడా కాలుతుంది, చూసుకుని క్రీము రాసుకోండి.

తలనొప్పి, వికారం, నిద్రలేమి వస్తే గ్యాస్ అని సర్దిచెప్పుకోవడం మనవాళ్ల అలవాటు. రెండున్నర వేల మీటర్లు దాటాక అది ఎత్తు జబ్బే అనుకుని ఆ పూటకు పైకెక్కడం మానాలి. తగ్గకపోతే దిగిపోవాలి. జేబులో ఈనో కన్నా దిగుడు బాగా పనిచేస్తుంది.

ఫోన్ బ్యాటరీ చలికి చచ్చిపోతుంది. రాత్రి పడుకునేటప్పుడు దాన్ని కూడా పడకసంచీలోకి లాక్కోండి.

మంచుచరియల హెచ్చరికలు ఇచ్చేది చండీగఢ్‌లోని డీజీఆర్ఈ అనే రక్షణ పరిశోధన సంస్థ. మనాలీలో సాసే పేరుతో దశాబ్దాలు నడిచిన మంచు పరిశోధన కేంద్రాన్ని 2020లో ఇందులో కలిపారు. జిల్లాల వారీగా ప్రమాద స్థాయి చెబుతారు. ట్రెక్కు నడిపే కంపెనీని మొదట అడగవలసిన ప్రశ్న, ఈ రోజు బులెటిన్ చూశారా అని. నేనోసారి కొత్తల్లో అలా అడిగితే, "సార్, మా గైడుకి ముప్పై ఏళ్ల అనుభవం" అన్నాడొకాయన. అనుభవానికి మంచు లోపలి పొర కనపడదు.

*

ఆఖరిది నాకు మహా ఇష్టమైనది. భారత వాతావరణ శాఖ తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ 1884లో ఒక సంగతి గమనించాడు. హిమాలయాల్లో చలికాలం, వసంతం మంచు ఎక్కువ పడితే ఆ ఏడు రుతుపవనాలు నీరసిస్తున్నాయి. తెల్లటి మంచు ఎండను వెనక్కి కొట్టేస్తుంది, కరగడానికి వేడి తినేస్తుంది. నేల ఆలస్యంగా కాగుతుంది. సముద్రం మీది తేమ గాలిని లోపలికి లాగే బలం తగ్గుతుంది. ఆ లెక్కతోనే 1886లో దేశంలో మొట్టమొదటి దీర్ఘకాలిక వానల అంచనా వేశారు. తర్వాత గిల్బర్ట్ వాకర్ వచ్చి పసిఫిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా ఇంకెన్నో లెక్కలు చేర్చాడు. హిమాలయ మంచు లెక్క ఒక్కదాన్నే నమ్ముకుంటే సరిపోదని తేలింది. అయినా జూన్‌లో తార్నాక చౌరస్తాలో గొడుగు తెరవాలా వద్దా అన్నదాన్ని ఒకప్పుడు గఢ్‌వాల్ మంచుతో లెక్కగట్టేవారంటే ముచ్చటగా ఉంటుంది.

ఇది రాసి ముగిస్తుండగా ఫోన్ మోగింది. మావాడే. "అన్నా, మా ఇంటి మెట్ల వాలు కొలిచిన. ముప్పై మూడు వచ్చింది. ఓనరాంటీ చూసి, ఇల్లు కొంటున్నవా ఏందిరా అంటున్నది." బులెటిన్ ఎక్కడ దొరుకుతుందో, ట్రాన్సీవర్లు అద్దెకిస్తారో లేదో కనుక్కోవడం మాత్రం ఇంకా మిగిలే ఉందట.